చింతగింజలతో బ్లింకర్: గేమ్ ఆఫ్ లైఫ్‌ను బండల మీద చేత్తో నడిపించడం ఎలా

మూడు చింతగింజలను పక్కపక్కనే అడ్డంగా పెట్టండి. కింద చెప్పబోయే లెక్క ప్రకారం ఒకసారి మార్చితే అవి నిలువు వరుస అవుతాయి. ఇంకోసారి మార్చితే మళ్లీ అడ్డం. వందసార్లు చేసినా ఇదే. దీని పేరు బ్లింకర్. గేమ్ ఆఫ్ లైఫ్ అనే గళ్ల లెక్కలో ఊగే ఆకృతులన్నిటిలోకీ చిన్నది ఇదే.

నేను మునుగోడు వైపు ఒక ఊరి బడిలో లెక్కలు చెప్తాను. ఈ ఆటను మొదట కంప్యూటర్ మీద చూపించాను. పిల్లలు బాగుంది అన్నారు, రెండు నిమిషాల్లో మరిచిపోయారు. తర్వాత వరండాలో షాబాద్ బండ మీద సుద్దతో గళ్లు గీసి, చింతగింజలు చేతికిచ్చి, లెక్క మీరే చేయండి అన్నాను. బడి బెల్ కొట్టినా లేవలేదు. అప్పటి నుంచి ప్రతి ఏడాదీ ఇలాగే చెప్తున్నాను. ఇంట్లో పిల్లలతో చేయాలనుకునే తల్లిదండ్రులకు, బడిలో చేయించాలనుకునే టీచర్లకు, ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న వాళ్లకు ఉపయోగపడేలా ఆ పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ఇది పుట్టింది కూడా చేత్తో ఆడటంలోనే. కేంబ్రిడ్జ్‌లో గణితం చెప్పే జాన్ హోర్టన్ కాన్వే, ఆయన చుట్టూ ఉన్న వాళ్లు గో ఆట పలక మీద బిళ్లలు పేర్చుకుంటూ ఈ నియమాలను పరీక్షించారు. 1970 అక్టోబర్‌లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ తన శీర్షికలో దీని గురించి రాశాక లోకమంతా తెలిసింది. కాన్వే 2020 ఏప్రిల్‌లో కొవిడ్‌తో చనిపోయారు. గళ్లు, ప్రతి గడికీ ఒక స్థితి, పక్క గళ్లను చూసి ఆ స్థితిని మార్చే నియమం, ఈ మూడూ ఉన్న ఏర్పాటును సెల్యులర్ ఆటోమేటన్ అంటారు. ఈ ఆలోచన 1940లలో స్టానిస్లా ఉలమ్, జాన్ వాన్ నాయ్‌మన్‌ల దగ్గర మొదలైంది. గేమ్ ఆఫ్ లైఫ్ అందులో అందరికీ తెలిసిన రకం.

ముందు గింజలు సిద్ధం చేసుకోండి

పాతిక చింతగింజలు, పది మక్కగింజలు, ఒక సుద్దముక్క చాలు. ఎండాకాలంలో చింతపండు కొట్టిన ఇంట్లో గింజలకు కొదవ ఉండదు.

చింతగింజలను అలాగే వాడొద్దు. అష్టాచెమ్మాకు గవ్వలు లేనప్పుడు చేసినట్టే, ప్రతి గింజనూ ఒకవైపు గరుకు రాయి మీద తెల్లగా వచ్చేదాకా అరగదీయండి. ఇప్పుడు గింజకు నల్ల ముఖం, తెల్ల ముఖం రెండూ ఉంటాయి. అరగదీసిన వైపు చదునుగా ఉంటుంది కాబట్టి గింజ దొర్లిపోదు కూడా. ఈ పని పిల్లలకే వదిలేయండి, ఇష్టంగా చేస్తారు. మొత్తం పద్ధతి ఈ రెండు ముఖాల మీదే నిలబడి ఉంది. అందుకే దీన్ని దాటవేయొద్దని గట్టిగా చెప్తున్నాను.

కాన్వే వాళ్ల పద్ధతిలో చనిపోబోయే బిళ్ల మీద ఇంకో బిళ్ల పెట్టేవాళ్లు. మేమూ చింతగింజ మీద చింతగింజ పెట్టి చూశాం. జారి పక్క గడిలో పడుతుంది, లెక్క మొత్తం పాడవుతుంది. తిప్పిపెట్టడమే మేలు.

గుర్తులు ఇవి. గింజలను ఒకసారి మార్చితే ఒక తరం గడిచినట్టు. చింతగింజ నల్ల ముఖం పైకి ఉంటే ఆ గడి బతికి ఉంది, వచ్చే తరంలోనూ ఉంటుంది. తెల్ల ముఖం పైకి ఉంటే ఇప్పుడు బతికే ఉంది, కానీ ఈ తరం చివర పోతుంది. మక్కగింజ ఉంటే ఇప్పుడు ఖాళీయే, వచ్చే తరంలో అక్కడ కొత్తది పుడుతుంది.

గళ్లు

ఏడు అడ్డం, ఏడు నిలువు, మొత్తం 49 గళ్లు గీయండి. గడికి మూడు అంగుళాలు ఉంటే చేతికి హాయిగా ఉంటుంది, రెండడుగుల బండ మీద సరిగ్గా పడుతుంది. బండ లేకపోతే గ్రాఫ్ పుస్తకం, పెన్సిల్, రబ్బరు పెట్టుకోవచ్చు. పోచంపల్లి, పుట్టపాక వైపు నేత ఇళ్లలో చీర డిజైన్ గీసే గ్రాఫ్ కాగితం అయితే ఇంకా మంచిది. ఆ ఇళ్ల పిల్లలు గళ్లు లెక్కపెట్టడంలో మిగతా వాళ్లకన్నా ఒక అడుగు ముందుంటారని నేను చాలాసార్లు గమనించాను.

అడ్డ వరుసలకు పై నుంచి 1 నుంచి 7, నిలువు వరుసలకు ఎడమ నుంచి 1 నుంచి 7 అంకెలు వేయండి.

నియమాలు

ఒక గడికి పొరుగు గళ్లు ఎనిమిది. పైన, కింద, కుడి, ఎడమ, నాలుగు మూలలు. మూలలను మరవొద్దు.

చింతగింజ ఉన్న గడికి పొరుగున రెండు గానీ మూడు గానీ గింజలు ఉంటే అది ఉంటుంది. ఒకటే ఉన్నా, అసలు లేకపోయినా ఒంటరితనంతో పోతుంది. నాలుగు, అంతకన్నా ఎక్కువ ఉంటే ఇరుకై పోతుంది. ఖాళీ గడికి పొరుగున సరిగ్గా మూడు గింజలు ఉంటే అక్కడ కొత్తది పుడుతుంది. రెండున్నా పుట్టదు, నాలుగున్నా పుట్టదు.

నియమాలు ఇంతే. వీటిలో పాచికలు లేవు, అదృష్టం లేదు, ఆడేవాళ్ల ఇష్టం లేదు. మొదట గింజలు ఎక్కడ పెట్టాలన్నదే మన చేతిలో ఉంది.

మొదటి తరం: కదిలించకుండా లెక్కపెట్టడం

నాలుగో అడ్డ వరుసలో 3, 4, 5 గళ్లలో నల్ల ముఖం పైకి ఉండేలా మూడు గింజలు పెట్టండి.

· · · · · · ·
· · · · · · ·
· · · · · · ·
· · ● ● ● · ·
· · · · · · ·
· · · · · · ·
· · · · · · ·

ఇప్పుడు ప్రతి గడికీ పొరుగు గింజలు లెక్కపెట్టి, గడి మూలలో సుద్దతో చిన్న అంకె వేయండి. గింజను తాకని గడికి ఎలాగూ సున్నాయే కాబట్టి అన్ని గళ్లూ తిరగనక్కర్లేదు. గింజల చుట్టూ ఉన్న 15 గళ్లు చూస్తే చాలు. పూర్తయ్యాక బండ ఇలా ఉండాలి:

0 0 0 0 0 0 0
0 0 0 0 0 0 0
0 1 2 3 2 1 0
0 1 1 2 1 1 0
0 1 2 3 2 1 0
0 0 0 0 0 0 0
0 0 0 0 0 0 0

ఇక్కడ ఒక సరిచూపు ఉంది. నాకు చాలా ఇష్టమైనది, ప్రతి తరంలోనూ పనికొస్తుంది. అంకెలన్నీ కూడండి. మొత్తం 24 రావాలి. ఎందుకంటే ప్రతి గింజా తన చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ల లెక్కలో ఒక్కోసారి పడుతుంది. మూడు గింజలు, ఎనిమిదేసి సార్లు, ఇరవై నాలుగు. గింజలు అంచుకు తగలనంతవరకు మొత్తం ఎప్పుడూ గింజల సంఖ్యకు ఎనిమిది రెట్లే. 23 వచ్చిందంటే ఎక్కడో ఒక మూల వదిలేశారు. వెతికి సరిచేయండి, ఆ తర్వాతే ముందుకు కదలండి.

మార్పు: ముందు గుర్తులు, తర్వాతే చేతులు

అంకెలు చూస్తూ గుర్తులు పెట్టండి. నాలుగో వరుసలో మూడో గడి గింజకు పొరుగు ఒక్కటే. తెల్ల ముఖం పైకి తిప్పండి. ఐదో గడి గింజకూ ఒక్కటే, దాన్నీ తిప్పండి. నడుమ గింజకు రెండు ఉన్నాయి, ముట్టుకోవద్దు. దాని సరిగ్గా పైన ఉన్న ఖాళీ గడికి మూడు, అక్కడ మక్కగింజ పెట్టండి. సరిగ్గా కింద ఉన్న గడికీ మూడు, అక్కడ ఇంకో మక్కగింజ.

ఒక్క క్షణం ఆగి చూడండి. బండ మీద ఒకేసారి రెండు తరాలు కనిపిస్తాయి. ముఖం ఏదైనా సరే, చింతగింజలన్నీ కలిపితే పాత తరం. నల్లవి, మక్కగింజలు కలిపితే కొత్త తరం. లెక్కపెట్టేటప్పుడు తెల్ల చింతగింజ లెక్కలోకి వస్తుంది, మక్కగింజ రాదు. ఈ ఒక్క మాట పిల్లలకు ఎక్కితే మిగతాదంతా అదే వస్తుంది.

ఇప్పుడు తెల్లవి తీసేయండి. మక్కగింజల చోట నల్ల చింతగింజలు పెట్టండి. సుద్ద అంకెలు చెరిపేయండి.

· · · · · · ·
· · · · · · ·
· · · ● · · ·
· · · ● · · ·
· · · ● · · ·
· · · · · · ·
· · · · · · ·

ఇదే పని మళ్లీ చేయండి. ఈసారి పై గింజ, కింది గింజ తెల్లబడతాయి. నడుమ గింజకు కుడి ఎడమల మక్కగింజలు వస్తాయి. మార్చగానే మొదటి బొమ్మ తిరిగి వస్తుంది.

మొదటిసారి సరిగ్గా వచ్చినప్పుడు ఏడో తరగతి అమ్మాయి ఒకతి, "సార్, నడుమది కదుల్తనే లేదు" అన్నది. నేను అప్పటిదాకా గింజలు తిరుగుతున్నాయనే చెప్తూ వచ్చాను. ఆ పిల్ల చూసిందే నిజం. ఏదీ తిరగడం లేదు. నడుమ గింజ ఒక్కటే ఎప్పటికీ ఉంటుంది, చెరో పక్కన ఉన్న రెండూ ప్రతి తరంలో పోతాయి, వేరే చోట కొత్తవి రెండు పుడతాయి. అప్పటి నుంచి నడుమ గింజకు పసుపు బొట్టు పెట్టిస్తున్నాను. ఇరవై తరాలు నడిపినా బొట్టు గింజ ఉన్న చోటే ఉంటుంది.

ఎప్పటికీ ఊగుతుందని ఎలా తెలుసు?

పిల్లలు తప్పకుండా అడుగుతారు, అడగకపోతే మీరే అడగండి. వెయ్యిసార్లు చేసి చూడక్కర్లేదు. మన నియమాలకు జ్ఞాపకం లేదు, ఇప్పుడున్న బొమ్మ ఒక్కటే వాటికి కావాలి. రెండు మార్పుల తర్వాత బొమ్మ మొదట ఉన్న చోటే, మొదట ఉన్నట్టే వచ్చింది. కాబట్టి ఆ తర్వాతి రెండు మార్పులూ మొదటి రెండింటిలాగే జరిగి తీరాలి, ఆ తర్వాతవీ అంతే. ఇలా కొన్ని తరాలకు మొదటి బొమ్మకే తిరిగొచ్చే ఆకృతిని డోలకం అంటారు. తిరిగి రావడానికి పట్టే తరాల సంఖ్య దాని పీరియడ్. బ్లింకర్ పీరియడ్ 2.

ఇంకా లోతుగా చూడాలనుకుంటే, రెండో సగం లెక్క చేయనక్కర్లేదు కూడా. బండ చుట్టూ నడిచి పక్కవైపు నుంచి చూస్తే నిలువు వరుస అడ్డంగా కనిపిస్తుంది. నియమాలకు దిక్కులు తెలియవు. అడ్డం నిలువు అయిందంటే నిలువు అడ్డం కావాల్సిందే. పిల్లల్ని నిజంగానే లేపి పక్కకు నడిపించండి, నోటితో చెప్పడం కన్నా ఇది బాగా పట్టుబడుతుంది.

తప్పు వచ్చినప్పుడు: ఎన్ని గింజలు మిగిలాయో చూడండి

ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించే భాగం ఇదే. బ్లింకర్ తప్పును దాచదు. అంతేకాదు, ఒక్క తరం నడిపాక బండ మీద మిగిలిన గింజల సంఖ్య ఏ తప్పు చేశారో చెప్పేస్తుంది.

ఒక్క గింజే మిగిలిందా? మూలలు లెక్కపెట్టలేదు. బండ ఆటల్లో కాయను అడ్డంగానో నిలువుగానో జరపడం అలవాటు కాబట్టి పొరుగు అనగానే నాలుగు వైపులే తోస్తాయి. అలా లెక్కపెడితే నడుమ గింజ పైగడికి మూడుకు బదులు ఒకటే వస్తుంది, ఏదీ పుట్టదు, రెండు చివరలూ పోతాయి.

ఐదు గింజలతో ప్లస్ గుర్తు వచ్చిందా? గింజ ఉన్న గడిని లెక్కపెట్టేటప్పుడు దాన్నే పొరుగుగా కలుపుకున్నారు. చివరి గింజలకు ఒకటికి బదులు రెండు వచ్చాయి, పోవాల్సినవి ఉండిపోయాయి. ప్రోగ్రాం రాసేవాళ్లు మొదటిరోజు చేసే తప్పుల్లో ఇది ఒకటి. మూడు బై మూడు గళ్లు కూడేసి, నడుమ గడిని తీసివేయడం మరిచిపోతారు.

నాలుగు గింజలు మిగిలాయా? ఈ తప్పు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మా బడిలో మొదటిసారి వచ్చింది ఇదే. అప్పట్లో మాకు తెల్ల ముఖం, మక్కగింజ పద్ధతి లేదు. పై వరుస నుంచి ఎడమ నుంచి కుడికి పోతూ, లెక్క తేలిన గడిని అక్కడికక్కడే మార్చుకుంటూ పోయాం. మూడో వరుసలో నాలుగో గడికి మూడు వచ్చింది, గింజ పెట్టేశాం. పక్కనున్న ఐదో గడికి అసలైతే రెండే రావాలి. కానీ ఇప్పుడే పెట్టిన గింజ కూడా కలిసి మూడైంది. అక్కడా పెట్టేశాం. నాలుగో వరుసకు వచ్చేసరికి నడుమ గింజకు పొరుగున నాలుగు, తీసేశాం. చివరికి మూడో వరుసలో 4, 5 గళ్లు, నాలుగో వరుసలో 3, 5 గళ్లు, మొత్తం నాలుగు గింజలు వంకరగా మిగిలాయి. నియమాలే తప్పు రాసుకున్నానేమో అని టెన్షన్ పడి ఆరోజు క్లాసు అక్కడితో ఆపేశాను. ఇంటికి వెళ్లి గ్రాఫ్ కాగితం మీద మళ్లీ చేస్తే అర్థమైంది. నియమాలు సరిగానే ఉన్నాయి, కొత్త తరం గింజలను పాత తరం లెక్కలో కలిపేశాం. గళ్లన్నీ పాత బొమ్మను చూసే నిర్ణయం తీసుకోవాలి, అందరూ ఒకేసారి మారాలి.

అడ్డ వరుసను ఒకటో వరుసలో, అంటే బండ అంచున పెట్టారా? అప్పుడు పైన పుట్టాల్సిన గింజకు చోటే లేదు. రెండు గింజలు మిగులుతాయి, ఆ తర్వాతి తరానికి అవీ పోతాయి. అసలు గేమ్ ఆఫ్ లైఫ్‌లో గళ్లకు అంతు లేదు. మన బండకు ఉంది కాబట్టి ఎప్పుడూ చుట్టూ కనీసం రెండు వరుసలు ఖాళీ వదలండి.

ఒకటి, ఐదు, నాలుగు, రెండు. ఒక్కో అంకె వెనుక ఒక్కో తప్పు. మీ పిల్లలకు నియమాలు చెప్పి వదిలేసి, తప్పు వస్తే సరిచేయకుండా "ఎన్ని మిగిలాయి?" అని మాత్రమే అడగండి. వాళ్లే పట్టుకుంటారు.

మూడు గింజలతోనే ఇంకొంచెం

బ్లింకర్ చేతికి వచ్చాక అవే మూడు గింజలను వేరేగా పెట్టి చూడండి. మోచేయి వంచినట్టు, రెండు పక్కపక్కన, ఒకటి వాటిలో ఒకదాని కింద పెడితే, ఖాళీగా ఉన్న నాలుగో మూలలో గింజ పుట్టి చదరం అవుతుంది. ఆ చదరం ఇక మారదు. మూలగా మెట్లలా పెడితే రెండు తరాల్లో బండ ఖాళీ.

రెండు బ్లింకర్లను ఒకే బండ మీద పెట్టాలంటే ఒక్కోదానికి మూడు బై మూడు చోటు కేటాయించి, నడుమ ఒక్క వరుస ఖాళీ వదిలితే చాలు. ఒకదాన్నొకటి చెడగొట్టుకోవు. ఖాళీ వరుసలోని గడికి రెండు వైపుల నుంచీ కలిపి రెండుకు మించి రావు, పుట్టడానికి మూడు కావాలి. ఇలా బండ నిండా బ్లింకర్లు పెట్టి, సగం అడ్డం, సగం నిలువుగా మొదలుపెట్టి, ఒక్కో పిల్లకు ఒక్కోటి అప్పగించి, చప్పట్లు కొట్టినప్పుడల్లా అందరూ మార్చాలి అంటే, చూడటానికి చాలా బాగుంటుంది.

కప్ప, దీపం

పీరియడ్ 2 ఉన్నవి ఇంకో రెండు తప్పక చేయండి. ఒకదాని పేరు టోడ్, అంటే కప్ప. మూడేసి గింజల వరుసలు రెండు, ఒకటి ఒక గడి పక్కకు జరిగి ఉంటుంది.

· · · ·
· ● ● ●
● ● ● ·
· · · ·

తర్వాతి తరంలో:

· · ● ·
● · · ●
● · · ●
· ● · ·

ఎప్పుడూ ఆరు గింజలే. ఉబ్బి, ముడుచుకుని, మళ్లీ ఉబ్బుతుంది. పేరు సరిగ్గా సరిపోయింది.

రెండోది బీకన్, దీపం లాంటిది. నాలుగు గింజల చదరాలు రెండింటిని మూలకు మూల తగిలేలా పెట్టండి. ఎదురెదురుగా ఉన్న రెండు మూల గింజలకు నాలుగేసి పొరుగులు, అవి ఆరిపోతాయి. మిగిలిన ఆరు గింజల వల్ల అవే చోట్ల మూడేసి వచ్చి మళ్లీ వెలుగుతాయి. ఎనిమిది, ఆరు, ఎనిమిది, ఆరు.

ఐదు గింజల వరుస

ఇక్కడికి వచ్చాక గళ్లు పెంచాలి. పదకొండు బై పదకొండు గీయండి. నాలుగు బండలు కలిసే చోట గీయాల్సి వస్తుంది, బండల మధ్య సందును గీతలా వాడుకోండి. ఆరో వరుసలో 4 నుంచి 8 దాకా ఐదు గింజలు పెట్టండి.

పని ఎక్కువ, కాబట్టి ముగ్గురు పిల్లలు ఉంటే మంచిది. ఒకరు అంకెలు వేస్తారు, ఒకరు కూడి ఎనిమిది రెట్లు వచ్చిందా చూస్తారు, ఒకరు గింజలు మారుస్తారు. ప్రతి తరానికి గింజల సంఖ్య ఇలా రావాలి: 5, 9, 8, 12, 12, 20, 12. ఒక్క చోట తేడా వచ్చినా వెనక్కి వెళ్లండి.

మొదట పెట్టిన ఐదింటినీ సున్నా తరం అనుకుంటే, ఒకటో తరం తొమ్మిది గింజల నిండు చదరం. రెండో తరంలో నడుమ ఖాళీ అయిపోయి వజ్రం ఆకారం వస్తుంది. నాలుగో తరం ఇది:

· ● ● ● ·
● · · · ●
● · · · ●
● · · · ●
· ● ● ● ·

ఇక్కడ పిల్లలు "అయిపోయింది, నాలుగు బ్లింకర్లు" అంటారు. ఇంకా కాలేదు. వీటి మూలలు తగులుతున్నాయి, ఒకదాని లెక్కలో ఇంకొకటి పడుతోంది. చివరి గింజకు ఒకటికి బదులు రెండు వస్తాయి, అందుకే చావదు. ఐదో తరంలో గింజలు ఇరవైకి పెరుగుతాయి. ఆ ఒక్క తరంలోనే అన్నీ బయటికి నెట్టుకుంటాయి. ఆరో తరంలో:

· · ● ● ● · ·
· · · · · · ·
● · · · · · ●
● · · · · · ●
● · · · · · ●
· · · · · · ·
· · ● ● ● · ·

ఇప్పుడు నాలుగూ ఒకదానికొకటి అడ్డు రావు. నాలుగు నిజమైన బ్లింకర్లు, ఇక ఊగుతూనే ఉంటాయి. దీన్ని ట్రాఫిక్ లైట్లు అంటారు. ఐదు గింజల నుంచి ఎవరూ చెప్పకుండా నాలుగు బ్లింకర్లు పుట్టడం నేను ఎన్నోసార్లు చూశాను, ఇప్పటికీ ఆరో తరం దగ్గర చేయి ఆగుతుంది.

నాలుగు గింజల వరుస అయితే రెండు తరాల్లో తేనెపట్టు గడి ఆకారంలో ఆరు గింజలై నిలిచిపోతుంది, ఊగదు. ఆరు గింజల వరుస పన్నెండో తరానికి పూర్తిగా మాయమవుతుంది. ఒక్క గింజ తేడాకు ఫలితం ఇంతగా మారడం పిల్లల చేతే చేయించి చూపించండి.

కంప్యూటర్‌కు మారేటప్పుడు

చేత్తో ఇంతవరకు చేసినవాళ్లకు ప్రోగ్రాం రాయడం కష్టం కాదు. రెండు పలకలు పెట్టుకోండి, పాతది, కొత్తది. పాత పలకను చదవడమే, రాయకూడదు. కొత్త పలకలో రాయడమే, లెక్కకు చూడకూడదు. తరం అయ్యాక కొత్తది పాతదవుతుంది. చింతగింజ, మక్కగింజ తేడా ఇదే. ప్రోగ్రాం పూర్తయ్యాక మొదటి పరీక్షగా బ్లింకర్ పెట్టండి, ఒక్క తరం నడపండి, గింజలు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, నాలుగు, ఐదు వస్తే తప్పు ఎక్కడుందో మీకు ఇప్పటికే తెలుసు. దాని తర్వాత ఐదు గింజల వరుస పెట్టి 5, 9, 8, 12, 12, 20, 12 వస్తున్నాయా చూడండి.

రాయకుండా చూడాలంటే గోలీ (Golly) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఒక జాగ్రత్త: ఒక్కో అడుగుకు రెండు తరాలు దాటేలా వేగం పెట్టుకుంటే బ్లింకర్లన్నీ కదలకుండా నిలిచిపోయినట్టు కనిపిస్తాయి. అవి ఆగలేదు, మనం ఒకే స్థితిని మళ్లీ మళ్లీ చూస్తున్నాం. ఒక్కో తరం చొప్పున నడపండి.

అక్కడికి చేరాక పల్సర్ అనే పెద్ద డోలకం పెట్టి చూడండి. దాని పీరియడ్ 3, గింజల సంఖ్య 48, 56, 72 మధ్య తిరుగుతుంది. పది గింజలను వరుసగా పెట్టి నడిపితే పీరియడ్ 15 ఉన్న డోలకంగా స్థిరపడుతుంది, పేరు పెంటాడెకాథ్లాన్. ఏ పీరియడ్ కావాలన్నా అంత పీరియడ్ ఉన్న డోలకం ఉంటుందా అన్న ప్రశ్న యాభై ఏళ్లకు పైగా నలిగింది. చివరిదాకా దొరకనివి రెండు, 19, 41. ఆ రెండూ 2023లో దొరికాయి, దాంతో అన్ని పీరియడ్లూ ఉన్నాయని తేలింది.

మా బడి పిల్లలు పది గింజల వరుసను కూడా బండ మీదే చేయాలని పట్టుబట్టారు. వరండా చివర గోడ దాకా గళ్లు గీయాల్సి వచ్చింది. మీరూ చేయాలనుకుంటే వరుసను గోడకు దగ్గరగా కాకుండా, నాలుగు వైపులా సమానంగా ఖాళీ ఉండేలా నడుమ నుంచి మొదలుపెట్టండి, ఇంకో పాతిక చింతగింజలు అరగదీసి పెట్టుకోండి.